తప్పు తూకం పడితే ఆగాలి. ఆగుతుందో లేదో ఎలా తెలుస్తుంది?



ఈ పోస్టు కొంచెం పెద్దదే. కంప్యూటర్లు చదివేవాళ్ళకి నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్ళు కూడా వదిలెయ్యకండి, ఇందులో సగం చింతపండు లెక్కే ఉంది.

చెప్పాలనుకున్నది ఒక్కటే. ప్రోగ్రామ్ రాసినప్పుడు సరైన లెక్కకి సరైన జవాబు వస్తోందా అని అందరం చూస్తాం. తప్పుడు లెక్క ఇస్తే "ఇది కుదరదు" అని ఆగుతోందా అని చూసేవాళ్ళు తక్కువ. ఆ రెండోది కూడా టెస్టుగా రాయాలి. రాసిన ఆ టెస్టు నిజంగా తప్పుని పట్టుకుంటుందో లేదో కూడా చూడాలి. ఎందుకో, ఎలాగో మాకు తెలిసినంత వరకు రాస్తున్నాం.

మేము హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. అందరికీ ఇరవై ఏళ్ళు. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్, అదీ ఒక సీనియర్ అన్న వెళ్ళిపోతూ ఇచ్చింది. మొన్న వేసవి సెలవుల్లో మా రూమ్మేట్ వాళ్ళ ఊరి డ్వాక్రా సంఘానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టాం. సంతకి ముందురోజు ఆ ఊళ్ళో అందరి సరుకూ ఒకచోట తూస్తారు. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, కరక్కాయలు, ఏది ఉంటే అది. ఎవరు ఎంత తెచ్చారో నోటుబుక్కులో రాసుకుంటారు. అమ్ముడయ్యాక దాన్ని బట్టి డబ్బులు పంచుకుంటారు. ఆ నోటుబుక్కు పని మా ప్రోగ్రామ్ చెయ్యాలి. పేరు, సరుకు, తూకం ఇస్తే రేటుతో గుణించి ఎంత రావాలో చెప్పాలి, ఖాతాలో ఒక వరుస రాయాలి. అంతే.

రాయడం ఒక సాయంత్రం పని. అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. తూకం గడి ఖాళీగా ఉండిపోతే ఏం చెయ్యాలి? వేలు జారి మైనస్ పడితే? సరుకు పేరు మా పట్టికలో లేకపోతే? సులువైన దారి ఒకటుంది. అలాంటప్పుడు సున్నా అనుకుని ముందుకి పోవడం. ప్రోగ్రామ్ ఆగదు, తెర మీద ఎర్ర అక్షరాలు రావు, చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

మా రూమ్మేట్ వాళ్ళ పెద్దమ్మే ఆ సంఘానికి లీడరు. ఆమెనే అడిగాం. "పెద్దమ్మా, తూకం సరిగ్గా పడకపోతే సున్నా వేసెయ్యమంటావా?"

"సున్నా ఎందుకేస్తారు నాయనా? సున్నా ఏస్తే ఆ మనిషి ఏమీ తేనట్టే గదా. తెలీకపోతే ఆపండి. నన్ను కేకెయ్యండి, మళ్ళీ తూద్దాం," అంది.

మా సిలబస్‌లో ఎక్సెప్షన్ల మీద ఒక యూనిట్ మొత్తం ఉంది. దాని సారం ఈ రెండు ముక్కల్లో వచ్చేసింది. ఎక్సెప్షన్ అంటే పని మధ్యలో ప్రోగ్రామ్ "ఇక్కడ నేను ముందుకి పోలేను, కారణం ఇదీ" అని చెప్పి ఆగడం. దాన్ని విసరడం అంటారు. పైవాళ్ళు ఎవరైనా దాన్ని పట్టుకుని తగిన పని చెయ్యొచ్చు, అంటే పెద్దమ్మని కేకెయ్యడం. ఎవరూ పట్టుకోకపోతే ప్రోగ్రామ్ మొత్తం ఆగిపోతుంది.

మేము పైథాన్‌లో రాసాం. పైథాన్ 3లో ఫంక్షన్ పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టుకోవచ్చు, అందుకే మా ఫంక్షన్ పేరు లెక్కకట్టు. దానికి రెండు నియమాలు. తూకం 0 కంటే ఎక్కువ, 200 కిలోల లోపు ఉండాలి, లేకపోతే వాల్యూఎర్రర్ విసరాలి. సరుకు రేట్ల పట్టికలో ఉండాలి, లేకపోతే కీఎర్రర్ రావాలి. ఈ రెండోది పైథాన్ తనంతట తానే విసురుతుంది, డిక్షనరీలో లేని పేరు అడిగితే అంతే.

ఇప్పుడు టెస్టుల సంగతి.

మామూలు టెస్టు అందరికీ తెలుసు. చింతపండు కిలో 40 రూపాయలు అనుకుందాం, 12 కిలోలు ఇస్తే 480 రావాలి. వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు. ఎక్సెప్షన్ టెస్టు దీనికి తలకిందులు. మైనస్ 5 కిలోలు ఇస్తాం, ప్రోగ్రామ్ వాల్యూఎర్రర్ విసిరితే టెస్టు పాస్. ఏ గొడవా లేకుండా ఒక అంకె తిరిగొస్తే టెస్టు ఫెయిల్. మొదటిసారి వింటే విడ్డూరంగా ఉంటుంది కానీ, మనకి కావాల్సింది అదే కదా.

దీన్ని రాసే పాత పద్ధతి ఒకటుంది. నెట్‌లో దొరికే నమూనాల్లో, జిరాక్స్ నోట్సుల్లో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. ట్రై అని పెట్టి లోపల లెక్కకట్టుని మైనస్ 5తో పిలుస్తారు. కింద ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్ అని పెట్టి, లోపల పాస్ అని రాస్తారు. ఎర్రర్ వస్తే పట్టుకుంటుంది, టెస్టు పచ్చ. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. మరి ఎర్రర్ రాకపోతే? ట్రైలో ఉన్న వరుస నడిచిపోతుంది, ఎక్సెప్ట్ దగ్గరికి పోనే పోదు, టెస్టు అయిపోతుంది. అప్పుడూ పచ్చే. అంటే ఈ టెస్టు ఏం జరిగినా పాస్ అవుతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, కానీ ఎవరొచ్చినా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

దీనికి మందుగా, పిలిచిన వరుస కింద "ఇక్కడికి వచ్చామంటే టెస్టు ఫెయిల్" అని ఒక వరుస పెట్టాలి. పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్‌లో సెల్ఫ్ డాట్ ఫెయిల్ అని ఉంటుంది. కానీ దానికీ ఒక మెలిక ఉంది. కొందరు ఎక్సెప్ట్ దగ్గర వాల్యూఎర్రర్ అని కాకుండా ఊరికే ఎక్సెప్షన్ అని రాస్తారు. ఆ ఫెయిల్ అనేది విసిరేది అసర్షన్‌ఎర్రర్. అదీ ఎక్సెప్షన్ కుటుంబంలోదే. కాబట్టి మనం పెట్టుకున్న ఫెయిల్‌ని మన ఎక్సెప్ట్ మింగేస్తుంది. మళ్ళీ పచ్చ.

అందుకే టెస్టు పనిముట్లలోనే దీనికి సొంత ఏర్పాటు ఉంది. యూనిట్‌టెస్ట్‌లో అసర్ట్‌రైజెస్, పైటెస్ట్‌లో రైజెస్. రెండిట్నీ విత్ అనే మాటతో మొదలుపెట్టి, ఏ ఎర్రర్ రావాలో చెప్పి, లోపల ఒక వరుసలో మన ఫంక్షన్‌ని పిలుస్తాం. ఆ ఎర్రర్ రాకపోతే అదే టెస్టుని ఫెయిల్ చేస్తుంది. వేరే రకం ఎర్రర్ వచ్చినా పాస్ చెయ్యదు.

జావా చదివేవాళ్ళకి జేయూనిట్ తెలిసే ఉంటుంది. కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి 1997లో మొదలుపెట్టినది. 2006లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో టెస్టు నెత్తిన ఎక్స్‌పెక్టెడ్ అని రాసి ఎర్రర్ పేరు ఇచ్చేవాళ్ళు. రాయడం సులువే. కానీ ఆ టెస్టులో ఏ వరుసలో ఆ ఎర్రర్ వచ్చినా పాస్ అయిపోతుంది. 2017లో ఐదో వెర్షన్ వచ్చాక అసర్ట్‌త్రోస్ వాడుతున్నారు. ఏ పిలుపు ఎర్రర్ విసరాలో అదొక్కటే దానికి ఇస్తాం. వచ్చిన ఎర్రర్‌ని అది మన చేతికి తిరిగిస్తుంది, లోపల ఏం రాసుందో చూసుకోవచ్చు.

పనిముట్టు మంచిదైనా వాడే తీరు ముఖ్యం. మేము నాలుగు జాగ్రత్తలు గోడ మీద రాసి అంటించుకున్నాం.

ఒకటి. ఎర్రర్ పేరు కచ్చితంగా చెప్పాలి. ఎక్సెప్షన్ అని పెద్ద పేరు పెడితే దాని పిల్లలన్నీ ఒప్పుకున్నట్టే. ఒక ఉదాహరణ చూడండి. మైనస్ తూకాన్ని ఆపుతుందా అని టెస్టు రాస్తున్నాం. అందులో సరుకు పేరు "చింతపండు" బదులు "చింతపడు" అని టైపు అయిందనుకోండి. ప్రోగ్రామ్ తూకం దాకా పోకుండానే, ఈ సరుకు పట్టికలో లేదని కీఎర్రర్ విసురుతుంది. ఎక్సెప్షన్ అని రాసుంటే టెస్టు పచ్చ. మైనస్ తూకం సంగతి అసలు చూడనే లేదు. వాల్యూఎర్రర్ అని రాసుంటే వెంటనే బయటపడుతుంది. ఆగడం ఒక్కటే చాలదు, ఏ కారణానికి ఆగాలో ఆ కారణానికే ఆగాలి.

రెండు. విత్ లోపల ఒక్క వరుసే ఉండాలి. ఖాతా తయారు చెయ్యడం, రేట్లు పెట్టడం అన్నీ పైనే అయిపోవాలి. లోపల పెడితే ఆ తయారీలో వచ్చిన వాల్యూఎర్రర్‌కి కూడా టెస్టు పాస్ అయిపోతుంది. ఇంకోటి, ఎర్రర్ వచ్చిన వరుస తర్వాత లోపల ఏం రాసినా అది నడవదు. చాలామంది "ఇంకా ఇది కూడా చూద్దాం" అని అసర్ట్‌లు దాని కిందే, లోపలే రాస్తారు. అవి ఒక్కసారి కూడా నడవవు, నడవలేదని ఎవరూ చెప్పరు. వాటిని విత్ బయటికి తెచ్చి రాయాలి.

మూడు. ఎర్రర్‌లో ఉన్న మాట కూడా చూడాలి. పైటెస్ట్ రైజెస్‌కి మ్యాచ్ అని ఒకటి ఇవ్వొచ్చు. మా ఎర్రర్ మాట "తూకం సరిగ్గా లేదు, మళ్ళీ తూచండి". తెర మీద పెద్దమ్మ మనవరాలు చదివి వినిపించేది అదే. ఆ మాట పోయి ఏదో ఇంగ్లీషు ముక్క వస్తే ఆగినా లాభం లేదు. కానీ మొత్తం వాక్యాన్ని టెస్టులో పెట్టకండి, ఒక కామా మార్చినా టెస్టు విరిగిపోతుంది. "మళ్ళీ తూచండి" అన్నది ఉందా అని చూస్తే చాలు. మ్యాచ్‌కి ఇచ్చేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని గుర్తుంచుకోండి. చుక్కలు, బ్రాకెట్లు ఉంటే వాటికి వేరే అర్థం వస్తుంది.

నాలుగు. ఆగాక ఖాతా ఎలా ఉందో చూడాలి. ముందు ఖాతాలో వరుస రాసేసి, తర్వాత తూకం తప్పని ఎర్రర్ విసిరే ప్రోగ్రామ్‌ని ఊహించుకోండి. ఎర్రర్ వచ్చింది కాబట్టి టెస్టు పాస్. కానీ మైనస్ 5 కిలోల వరుస ఖాతాలో కూర్చునే ఉంది. అందుకే విత్ బయటికి వచ్చాక, ఖాతాలో వరుసలు ముందెన్ని ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయా అని ఒక అసర్ట్ రాసాం.

ఏ విలువలతో టెస్టు చెయ్యాలి అన్నది ఇంకో సంగతి. మైనస్ 5 ఒక్కటే చాలదు. హద్దు దగ్గర ఉన్నవి చూడాలి. 0 ఇస్తే ఆగాలి, 0.1 ఇస్తే ఒప్పుకోవాలి, 200 దాటితే ఆగాలి. ఒప్పుకోవాల్సినవాటికి కూడా టెస్టు ఉండాలని మర్చిపోకండి. లేకపోతే అన్నిటికీ వద్దనే ప్రోగ్రామ్ కూడా ఎక్సెప్షన్ టెస్టులన్నీ పాస్ అయిపోతుంది.

ఖాళీ గడి కథ మాకు బాగా నచ్చింది. ఎక్సెల్ షీటుని పాండాస్‌తో చదివితే ఖాళీ గడి నాన్ అవుతుంది, అంటే "ఇది సంఖ్య కాదు" అని చెప్పే ఒక ప్రత్యేక విలువ. దాన్ని ఏ అంకెతో పోల్చినా, ఎక్కువా అన్నా తక్కువా అన్నా, జవాబు కాదు అనే వస్తుంది. ఇప్పుడు రెండు రకాలుగా నియమం రాయొచ్చు. "0 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే ఆపు" అన్నది ఒకటి. "0 కంటే ఎక్కువైతేనే ఒప్పుకో, లేకపోతే ఆపు" అన్నది ఇంకోటి. మనుషులకి రెండూ ఒకటే. కానీ మొదటిదాన్లో నాన్ చక్కగా లోపలికి వచ్చేస్తుంది. వచ్చి రేటుతో గుణిస్తే నాన్, మొత్తంలో కలిపితే మొత్తమే నాన్. ఒక్క ఖాళీ గడికి ఊరందరి లెక్క పోతుంది. రెండోదాన్లో అది గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఈ తేడా తెలియాలంటే నాన్ ఇచ్చి వాల్యూఎర్రర్ అడిగే టెస్టు ఒకటి ఉండాలి.

ఇన్ని రాసాక చివరి పని ఒకటి చేసాం, ఇది మాత్రం మీరు తప్పకుండా చెయ్యండి. ప్రోగ్రామ్‌లో తూకాన్ని ఆపే వరుసని కావాలనే తీసేసి టెస్టులు నడిపాం. తూకం టెస్టులన్నీ ఎర్రగా రావాలి. వచ్చాయి. వరుస తిరిగి పెట్టేసాం. తాళం వేసాక ఒకసారి లాగి చూస్తాం కదా, అలాంటిదే. ఎర్రగా మారడం ఎప్పుడూ చూడని టెస్టుని పచ్చగా ఉందని నమ్మడానికి లేదు.

ఇంత చిన్న లెక్కకి ఇంత హడావుడి ఎందుకు అని అడిగినవాళ్ళున్నారు. పెద్ద లెక్కల్లో ఏం జరిగిందో చూడండి. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. దాదాపు 40 సెకన్లలో గాల్లోనే ముక్కలైంది. ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి మార్చే చోటు ఉంది. కొత్త రాకెట్ వేగానికి ఆ సంఖ్య పట్టలేదు. ఎక్సెప్షన్ వచ్చింది, దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు, దారి చూపే యూనిట్ పని మానేసింది. దానికి తోడుగా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్, అదీ అలాగే ఆగింది. కొత్త రాకెట్ దారికి తగిన లెక్కలతో దాన్ని ముందు పరీక్షించలేదని విచారణ కమిటీ రాసింది.

దీన్నుంచి మేము నేర్చుకున్నది, విసరడం సగం పనే అని. విసిరాక పైన ఏం జరుగుతుందో కూడా టెస్టు చెయ్యాలి. మా ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క చీటీ ఆగాలి, సంత మొత్తం ఆగకూడదు. అందుకే మూడు చీట్లు ఇచ్చి, మధ్యది తప్పు పెట్టి, మొదటిదీ మూడోదీ ఖాతాలో ఉన్నాయా అని ఇంకో టెస్టు రాసాం.

2014లో టొరంటో యూనివర్సిటీ వాళ్ళు ఒక పరిశోధన అచ్చేసారు. కాసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే ఐదు పెద్ద సాఫ్ట్‌వేర్లలో జరిగిన 198 వైఫల్యాలని తీసి చూసారు. వాటిలో మొత్తం వ్యవస్థనే కూల్చేసినవాటిలో 92 శాతం, వచ్చిన ఎర్రర్‌ని సరిగ్గా చూసుకోకపోవడం వల్లేనట. ఆ కూల్చేసినవాటిలో సగానికి పైగా, ఎర్రర్‌ని చూసుకునే కోడ్‌కి మామూలు టెస్టులు రాసుంటే ముందే దొరికేవట. కొన్నిచోట్ల ఎర్రర్‌ని పట్టుకునే చోటు ఖాళీగా ఉందట, కొన్నిచోట్ల "తర్వాత చూద్దాం" అని రాసి వదిలేసారట. అంత పెద్ద ఇంజనీర్లు పనిచేసిన చోట కూడా ఇదీ పరిస్థితి. కాబట్టి ఇది తెలివితేటల విషయం కాదు, అలవాటు విషయం.

మన పిల్లలకి ఈ అలవాటు ఇంకా కష్టం అని మాకు అనిపిస్తుంది. క్లాసులో "అర్థమైందా?" అంటే "అయ్యింది సార్" అనడం చిన్నప్పటి నుంచి వచ్చేసింది. ఆఫీసులో కాగితం మీద ఏం రాసుందో చెప్పకుండా వేలిముద్ర వెయ్యమంటే మన పెద్దవాళ్ళు వేసేసారు. ఆగి అడిగితే కోప్పడతారని భయం. అన్నిటికీ సరే అనే ప్రోగ్రామ్ కూడా అలాంటిదే. చూడ్డానికి మర్యాదగా ఉంటుంది, నష్టం మాత్రం చివర్న ఉన్న మనిషికి పోతుంది. సంతలో తూకం తప్పు పడితే ఎవరు నష్టపోతారో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేపు మనలో కొందరం రేషన్ లెక్కలో, స్కాలర్‌షిప్ లెక్కలో, ఆస్పత్రి లెక్కలో రాసే ఉద్యోగాల్లోకి వెళ్తాం. ఖాళీ గడి కనిపిస్తే సున్నా వేసి దాటిపోయే ప్రోగ్రామ్ మన చేత్తో రాకూడదు.

ప్లేస్‌మెంట్లకి తయారయ్యేవాళ్ళకి ఒక మాట. ఎక్సెప్షన్ వస్తుందని ఎలా టెస్టు చేస్తారు అని ఇంటర్వ్యూలో అడిగితే, రైజెస్ అనో అసర్ట్‌త్రోస్ అనో పేరు చెప్పి ఊరుకోకండి. కచ్చితమైన రకం, లోపల ఒక్క వరుస, ఆగాక ఖాతా పరిస్థితి, ఆపే వరుస తీసేస్తే టెస్టు ఎర్రగా మారుతుందా, ఈ నాలుగూ చెప్పండి. సొంతంగా చేసినవాళ్ళే ఇలా చెప్పగలరు.

లాప్‌టాప్ లేదని ఆగిపోవద్దు. ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 వేసుకుంటే పైథాన్ నడుస్తుంది. యూనిట్‌టెస్ట్ పైథాన్‌లోనే ఉంటుంది, విడిగా దించుకోవక్కర్లేదు, కొండ మీద సిగ్నల్ లేకపోయినా పనవుతుంది. ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీరు ఇప్పటికే రాసిన ఫంక్షన్ ఒకటి తీసుకోండి. అది వేటిని ఒప్పుకోకూడదో మూడు కాగితం మీద రాయండి. ఒక్కోదానికి ఒక్కో టెస్టు రాయండి. తర్వాత ఆపే వరుస తీసేసి నడపండి. ఎరుపు రాకపోతే ఆ టెస్టుని ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం.